బట్టల మీదే కదా, లోపలికి వెళ్ళలేదు కదా: ఒంటికి, ఇష్టానికి, మతానికి దాని లెక్క ఎంత?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతా చదివేవాళ్ళకి సంగతి తెలియాలి కాబట్టి. మీకు 26 ఏళ్ళు, ఆయనకు 28. పెళ్ళి ఖాయమైంది, ఇంకా కాలేదు. అప్పటిదాకా సంభోగం వద్దని ఇద్దరూ అనుకున్నారు. కానీ ఏకాంతం దొరికినప్పుడు బట్టలు ఒంటి మీద ఉండగానే హత్తుకుని, ఒరుసుకుని తృప్తి పొందడం కొన్ని నెలలుగా అలవాటైంది. మొదట్లో మీకూ ఇష్టంగానే ఉంది. కిందటిసారి మధ్యలో వద్దనిపించి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టబోయారు. "ఇంకొక్క నిమిషం" అన్నారు గానీ ఆగలేదు. మీరు బిగుసుకుపోయి మాట్లాడకుండా ఉండిపోయారు. తర్వాత మీరు కదిపితే, "మనమేం చేశామని? లోపలికి వెళ్ళలేదుగా, ఇది అసలు లెక్కలోకే రాదు. అయినా నువ్వు వద్దని అనలేదు కదా" అన్నారు. ఇప్పుడు పీరియడ్ నాలుగు రోజులు ఆలస్యమైంది. కడుపేమోనని ఒక భయం, పాపమేమోనని ఇంకో భయం, ఆ రోజు జరిగినది తప్పా కాదా అన్నది తేలక నిద్ర పట్టడం లేదు. మీ మతం ఏదో మీరు రాయలేదు, నేనూ ఊహించను.

లైంగిక ఆరోగ్య కౌన్సెలింగ్ నా వృత్తి. ఈ "లెక్కలోకి రాదు" అనే మాట మగవాళ్ళ నోటా విన్నాను, ఆడవాళ్ళ నోటా విన్నాను. నా సమాధానమంతా ఆ మాట గురించే. అది లెక్కలోకి వస్తుంది. ఒంటికి లెక్కే, చట్టానికి లెక్కే, మతాలకూ లెక్కే. ఎవరు ఎంత బరువు వేశారన్నదే తేడా.

కడుపు సంగతి ముందు చెప్పేస్తాను, ఆ టెన్షన్ ఉండగా మిగతాది తలకెక్కదు. గర్భం రావాలంటే వీర్యం యోనిలోకి చేరాలి. ఇద్దరి బట్టలూ మధ్యలో ఉంటే అది జరగదు. బట్టకు అంటిన వీర్యం ఆరేకొద్దీ అందులోని కణాలు చనిపోతాయి. అవి 5 రోజుల దాకా బతకగలవని మీరు చదివింది నిజమే, కానీ అది స్త్రీ శరీరం లోపలికి చేరిన కణాల సంగతి. జాగ్రత్త పడాల్సింది లోదుస్తులు కూడా తీసేసి ఒరుసుకున్నప్పుడు, వీర్యం అంటిన వేళ్ళు లోపలికి వెళ్ళినప్పుడు. యోని ద్వారం మీద స్కలనం జరిగితే గర్భం వచ్చే అవకాశం తక్కువే గానీ సున్నా కాదు. స్కలనానికి ముందు ఊరే జిగురులో కూడా కొందరికి వీర్యకణాలుంటాయి. అలాంటిదేమైనా జరిగిన రోజున అత్యవసర గర్భనిరోధక మాత్ర పనికొస్తుంది. లెవోనార్జెస్ట్రెల్ రకం 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందైతే అంత మంచిది. యులిప్రిస్టల్ రకానికి 120 గంటల దాకా టైమ్ ఉంటుంది. మీ విషయంలో వీటి అవసరం లేదు. నిద్ర లేకపోయినా, మనసు బాగోలేకపోయినా పీరియడ్ నాలుగు రోజులు అటూ ఇటూ అవుతుంది. మనశ్శాంతి కోసం ఇంట్లోనే యూరిన్ టెస్ట్ చేసుకోండి. చివరిసారి అలా దగ్గరైన రోజు నుంచి 3 వారాలు దాటాక చేసిన టెస్ట్‌లో నెగెటివ్ వస్తే ఇక సందేహించక్కర్లేదు.

జబ్బుల విషయంలో మాత్రం "ఏమీ అంటదు" అనుకోవడం పొరపాటు. హెచ్ఐవీ చెక్కుచెదరని చర్మం గుండా, బట్టల గుండా అంటదు. కానీ హెర్పిస్ (నీటిపొక్కుల జబ్బు), హెచ్‌పీవీ (పులిపిర్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్), సిఫిలిస్ పుండ్లు చర్మానికి చర్మం తగిలితే చాలు అంటుకోగలవు. జఘన భాగంలో ఉండే పేలు, గజ్జి కూడా అంతే. కండోమ్ అంగాన్ని కప్పుతుంది గానీ దాని చుట్టూ ఉన్న చర్మాన్ని కప్పదు కాబట్టి ఈ రకం జబ్బులకు అది సగం రక్షణే. మధ్యలో బట్ట ఉంటే ముప్పు చాలా తగ్గిపోతుంది. హెచ్‌పీవీ టీకా లైంగిక జీవితం మొదలవకముందు వేయించుకుంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది గానీ, 26 ఏళ్ళకీ వేయించుకోవచ్చు, డాక్టర్ని అడగండి. ఇంకో చిన్న సంగతి: జీన్స్ కుట్లు, జిప్పులు ఒరుసుకుని చర్మం చీరుకుపోయి మంట పుడితే సిగ్గుపడి దాచుకోకండి. మెత్తటి కాటన్ వేసుకుని, మానేదాకా ఆపేస్తే తగ్గిపోతుంది. పుండు పడినా, పొక్కులు లేచినా చూపించుకోవాలి.

ఇది "అసలైనది" దొరక్క చేసే పని అనే భావన కూడా ఆయన మాటలో ఉన్నట్టుంది. ఆ భావనతో నేను ఏకీభవించను. స్త్రీకి సుఖం ఎక్కువగా క్లిటోరిస్ (యోని ద్వారానికి పైన ఉండే సున్నితమైన భాగం) నుంచి వస్తుంది, అందులో తాకగలిగే భాగం బయటే ఉంది. అందుకే చాలామంది ఆడవాళ్ళకి లోపలి కలయిక కంటే బయటి ఒరిపిడితోనే భావప్రాప్తి సులువు. కాన్పు తర్వాత, ఆపరేషన్ తర్వాత, యోని కండరాలు బిగుసుకుపోయి కలయిక నొప్పిగా ఉన్నప్పుడు, వయసు మీరి అంగం గట్టిపడనప్పుడు జంటలకి దగ్గరితనాన్ని నిలిపేది ఇదే. 1970లో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు లైంగిక సమస్యలున్న దంపతుల కోసం ఒక చికిత్స పద్ధతిని వివరించారు. దాని మొదటి షరతు, కొంతకాలం సంభోగం నిషేధం. తాకండి, నిమరండి, కానీ గమ్యం పెట్టుకోకండి అంటారు. నేటికీ ఆ పద్ధతి వాడుతున్నాం. ఇంత బలమున్న దగ్గరితనాన్ని లెక్కలోకి రాదనడం ఎలా కుదురుతుంది?

కన్నెరికం గురించి మీరు చివర్లో ఒక వాక్యం రాసి కొట్టేసినట్టున్నారు, అయినా చెప్తాను. ఒరిపిడి వల్ల కన్నెపొర చిరగదు. అది చిరిగి ఉన్నా, లేకపోయినా ఒక మనిషి సంభోగంలో పాల్గొన్నారో లేదో ఏ డాక్టరూ చూసి చెప్పలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి సంస్థలు 2018 అక్టోబరులో కన్యత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని, వాటిని ఆపేయాలని ప్రకటించాయి.

ఇక ఆ రోజు జరిగినది.

మీరు చెయ్యి పెట్టారు. ఆ క్షణాన్ని కాస్త నిదానంగా చూద్దాం. మీరే రాశారు, చెయ్యి పెట్టగానే ఆయన ఒక్క క్షణం ఆగి మీ మొహం చూశారని. అంటే చెయ్యి తగిలిందని ఆయనకు తెలిసింది. అది ఎందుకు తగిలిందో కూడా ఎంతో కొంత తెలిసింది, తెలియకపోతే "ఇంకొక్క నిమిషం" అనే మాట నోటికి రాదు. అది అడగకుండానే ఇచ్చిన జవాబు. మీ "వద్దు" వినపడ్డాకే దాన్ని వాయిదా వేశారు. అందుకని "నువ్వు వద్దని అనలేదు కదా" అన్న వాదన నిలవదు. చేత్తో చెప్పిన వద్దు కూడా వద్దే.

ఆ తర్వాత మీరు ఎందుకు గట్టిగా అరవలేదు, ఎందుకు పక్కకి దొర్లలేదు అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. భయం వేసినప్పుడు, నమ్మిన మనిషి మాట వినడం లేదని అర్థమైనప్పుడు ఒళ్ళు కొయ్యబారిపోవడం మామూలు. పారిపోవడం, తిరగబడటం లాగే బిగుసుకుపోవడం కూడా ప్రమాదానికి శరీరం ఇచ్చే స్పందనే. అది మీరు ఎంచుకున్నది కాదు, ఒప్పుకోలు అంతకన్నా కాదు.

ఇంకో మాట మీరు మరీ సిగ్గుతో రాశారు: ఆ సమయంలో కూడా మీ ఒంట్లో తడి ఊరిందని, అంటే లోపల ఎక్కడో ఇష్టం ఉన్నట్టే కదా అని. కాదు. రాపిడి తగిలినప్పుడు రక్తప్రసరణ పెరగడం, తడి ఊరడం, మగవాళ్ళకి అంగం గట్టిపడటం, ఒక్కోసారి స్కలనం కూడా మనసుతో పని లేకుండా జరిగిపోతాయి. బలాత్కారానికి గురైన ఆడవాళ్ళలో, మగవాళ్ళలో కూడా ఇలా జరుగుతుంది. ఇష్టం ఉందో లేదో చెప్పాల్సింది మనిషి, ఒంటి మీది తడి కాదు. దయచేసి ఈ ఒక్క అపరాధ భావాన్ని ఈ రోజే దించుకోండి.

ఆయన పరంగా కూడా ఒక మాట చెప్పాలి. మీ ఉత్తరంలో ఆయన క్రూరుడిలా కనిపించలేదు. చాలామంది కుర్రాళ్ళకి సంభోగానికి మాత్రమే ఒప్పుకోలు కావాలని, మిగతాదంతా అందుకు ముందుండే ఖాళీ స్థలమని ఎవరూ చెప్పకుండానే మనసులో పడిపోతుంది. దాంతో ముద్దుకి ఒప్పుకుంటే ఒరిపిడికి, ఒరిపిడికి ఒప్పుకుంటే బట్టలు తీయడానికి ఒప్పుకున్నట్టే అనుకుంటారు. అలా అనుకోవడానికి కారణం అర్థమవుతుంది, కానీ ఆ కారణం వల్ల జరిగినది ఒప్పయిపోదు. ప్రతి అడుగుకీ ఒప్పుకోలు వేరు. నిన్న ఒప్పుకున్నది ఈ రోజుకి చెల్లదు. మొదలుపెట్టినప్పుడు ఉన్న ఇష్టం మధ్యలో పోవచ్చు, పోయిందని తెలిసిన క్షణమే ఆగాలి. నిశ్చితార్థం అయినా అంతే, పెళ్ళయినా అంతే. మత్తులో ఉన్నవాళ్ళు, నిద్రలో ఉన్నవాళ్ళు ఒప్పుకోలేరు కాబట్టి నిద్రపోతున్న మనిషికి ఒరుసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. చాలా జంటలు ఇది తప్పని ఊహించరు కూడా, అందుకే విడిగా చెప్తున్నాను.

ఒప్పుకోలు ఎంత పెద్ద విషయమో చూడాలంటే రద్దీ రైలుని గుర్తు చేసుకోండి. సరిగ్గా ఇదే పని, బట్టల మీదే, లోపలికి ఏదీ వెళ్ళకుండానే, ముక్కూమొహం తెలియని మనిషి చేస్తే దాన్ని లైంగిక దాడి అంటాం. ఇష్టపడని వాళ్ళకి ఒళ్ళు రాసి సుఖపడాలనే కోరిక పదేపదే ముంచెత్తడాన్ని, దానికి లొంగి ప్రవర్తించడాన్ని వైద్యశాస్త్రం ఫ్రాటరిస్టిక్ డిజార్డర్ అనే పేరుతో రుగ్మతల్లో చేర్చింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి చేసుకుంటే అది రుగ్మత కాదు, నేరమూ కాదు. రెండింటిలోనూ బట్టలున్నాయి, రాపిడి ఉంది. తేడా అంతా రెండో మనిషి ఇష్టంలోనే ఉంది.

చట్టం కూడా ఈ దారిలోనే నడుస్తోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలయ్యే 2003 నాటి లైంగిక నేరాల చట్టం ఒప్పుకోలుని స్వేచ్ఛ, నిర్ణయించుకునే సామర్థ్యం ఉండి తీసుకున్న నిర్ణయంగా నిర్వచించింది. స్వీడన్ 2018లో చట్టం మార్చి, బలప్రయోగం జరిగిందా అన్నది పక్కనపెట్టి, ఎదుటి మనిషి తన ఇష్టంతో పాల్గొన్నారా అన్నదాన్నే అసలు ప్రశ్న చేసింది. బట్టల వాదన భారత సుప్రీంకోర్టు ముందుకు కూడా వచ్చింది. ఒక చిన్నపిల్లను బట్టల మీద నుంచి తాకిన కేసులో, చర్మానికి చర్మం తగల్లేదు కాబట్టి పిల్లలపై లైంగిక నేరాల్ని శిక్షించే పోక్సో చట్టం కింద లైంగిక దాడి కాదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021 జనవరిలో అంటే, సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో ఆ తీర్పుని కొట్టేసింది. చూడాల్సింది లైంగిక ఉద్దేశాన్ని, మధ్యలో ఉన్న బట్టని కాదని చెప్పింది. మీరిద్దరూ పెద్దవాళ్ళు, మీ సంగతి వేరు. అయితే చదివేవాళ్ళలో చిన్నవాళ్ళు ఉండొచ్చు: చట్టం పెట్టిన వయసు రానివాళ్ళ ఒప్పుకోలు చెల్లదు, ఒరిపిడికైనా అంతే. ఆ వయసు భారత్‌లో 18, బ్రిటన్‌లో 16. జపాన్ 2023లో 13 నుంచి 16కి పెంచింది.

మతం దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను పండితుడిగా మాట్లాడటం లేదు. ఇన్నేళ్ళలో నా ముందు కూర్చున్నవాళ్ళ ప్రశ్నల కోసం చదివినది, వాళ్ళ గురువుల్ని అడిగి తెలుసుకున్నది చెప్తున్నాను.

ఇస్లాంలో పెళ్ళి కాని జంటకి ఇది అనుమతించినది కాదు. ఖురాన్ 17వ సూరా (అధ్యాయం) 32వ ఆయతు (వాక్యం) వ్యభిచారం చేయకండి అనడమే కాదు, దాని దరిదాపులకే పోకండి అంటుంది. సంభోగం దాకా తీసుకెళ్ళే స్పర్శ ఆ దరిదాపుల్లోదే అంటారు పండితులు. కానీ బరువు ఒకటి కాదు. వ్యభిచారానికి చెప్పిన స్థిరమైన శిక్ష అంగప్రవేశానికే వర్తిస్తుంది, దానికి తక్కువైనది పాపమే గానీ ఆ కోవలోకి రాదు. దీనికి సంబంధించి ఇమామ్ ముస్లిం కూర్చిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు) సంకలనంలో ఒక సంఘటన ఉంది, నా దగ్గరికి వచ్చే ముస్లిం యువతకి తరచూ చెప్తుంటాను. ఒకతను ప్రవక్త దగ్గరికి వచ్చి, మదీనా చివర ఒక స్త్రీతో సంభోగం తప్ప మిగతాదంతా జరిగిందని, ఏ తీర్పు చెప్పినా సిద్ధమని అన్నాడు. అక్కడే ఉన్న ప్రవక్త సహచరుడు ఉమర్, అల్లాహ్ నీ తప్పుని కప్పి ఉంచాడు, నువ్వూ కప్పుకుని ఉంటే పోయేది కదా అన్నారు. ప్రవక్త మాట్లాడలేదు. అతను లేచి వెళ్ళిపోయాక మనిషిని పంపి వెనక్కి పిలిపించి 11వ సూరా 114వ ఆయతు వినిపించారు: పగటి రెండు కొసల్లో, రాత్రి కొంత భాగంలో నమాజు చెయ్యి, మంచి పనులు చెడ్డ పనుల్ని తుడిచేస్తాయి. ఇది ఇతనొక్కడికేనా అని ఒకరు అడిగితే, కాదు అందరికీ అన్నారు. ఒప్పు అనలేదు, వెలి వేయనూ లేదు.

పెళ్ళయ్యాక లెక్క మారిపోతుంది. పీరియడ్స్ రోజుల్లో సంభోగం తప్ప అన్నీ చేసుకోవచ్చని హదీసు ఉంది. భార్య నడుము కింద బట్ట కట్టుకుని ఉంటే హత్తుకోవచ్చని ప్రవక్త భార్య ఆయిషా చెప్పిన హదీసూ ఉంది. బొడ్డు నుంచి మోకాలి దాకా బట్ట మధ్యలో ఉండాలని ఎక్కువమంది పండితులు, సంభోగం తప్ప ఏదైనా పర్వాలేదని హన్బలీ అనే శాఖ పండితులు అంటారు. ఒరిపిడితో స్కలనమైతే గుసుల్ (పూర్తి స్నానం) తప్పనిసరి. జిగురు మాత్రమే ఊరితే కడుక్కుని వుజూ (నమాజుకి ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోవడం) చేస్తే చాలు. రంజాన్‌లో పగటిపూట అలా స్కలనమైతే ఆ రోజు ఉపవాసం చెడిపోయినట్టే, దాన్ని తర్వాత పూర్తి చేయాలి.

మౌనం గురించి మీరు అడిగారు కాబట్టి ఇంకొకటి. పెళ్ళికి కన్యని అడిగినప్పుడు ఆమె మౌనమే ఒప్పుకోలు అనే హదీసుని కొందరు పడకగదిలోకి కూడా లాక్కొస్తుంటారు. అది పెద్దల ముందు నోరు తెరవడానికి సిగ్గుపడే అమ్మాయి గురించి, ఒత్తిడి లేని చోట చెప్పిన మాట. హదీసు సంకలనాల్లోనే ఖన్సా బిన్త్ ఖిదామ్ కథ ఉంది. ఇష్టం లేకుండా తండ్రి చేసిన పెళ్ళి గురించి ఆమె వచ్చి చెప్పుకుంటే ప్రవక్త ఆ పెళ్ళినే రద్దు చేశారు.

హిందూ సంప్రదాయంలో ఒకే గొంతు వినిపించదు. బ్రహ్మచర్య నియమంలో ఉన్నవాళ్ళకి లెక్క చాలా కఠినం. మైథునం ఎనిమిది రకాలని చెప్పే ప్రసిద్ధ శ్లోకంలో తలచుకోవడం, చెప్పుకోవడం, సరసమాడటం, చూడటం, గుట్టుగా మాట్లాడుకోవడం కూడా మైథునంలోకే వస్తాయి, అసలు క్రియ ఎనిమిదోది. మనుస్మృతి బ్రహ్మచారిని ఒంటరిగా పడుకోమంది, ఎక్కడా వీర్యం జారనివ్వొద్దంది. పరస్త్రీని తాకరాని చోట తాకడం, ఆమె తాకితే ఊరుకోవడం ఇద్దరి ఇష్టంతో జరిగినా సంగ్రహణ (పరస్త్రీతో అక్రమ సంబంధం) దోషమే అని ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అంటే అక్కడా అంగప్రవేశం కొలమానం కాదు.

గృహస్థు లోకాన్ని చూస్తే కామసూత్రం రాసిన వాత్స్యాయనుడు ఒరుసుకునే కౌగిలికి ఉద్ఘృష్టకం అని పేరే పెట్టాడు: చీకట్లోనో, జనం మధ్యనో మెల్లగా నడుస్తూ ఒకరి ఒంటికి ఒకరు చాలాసేపు ఒరుసుకోవడం. అదే గోడకో స్తంభానికో అదిమితే పీడితకం. నన్ను ఆకట్టుకున్నది దాని తర్వాత వచ్చే షరతు. ఈ రెండూ ఒకరి మనసు ఒకరు గ్రహించినవాళ్ళకే అంటాడు. పెళ్ళయిన కొత్తలో మొదటి మూడు రాత్రులు దూరంగా ఉండమని, నమ్మకం కుదరకముందే బలవంతపెడితే ఆ స్త్రీ కలయికనే ద్వేషిస్తుందని ఆ గ్రంథమే చెప్తుంది. పెళ్ళికి ముందు ఒరిపిడి తప్పా ఒప్పా అన్నదానికి మాత్రం నేటి హిందూ కుటుంబాల్లో జవాబు గ్రంథాల నుంచి కంటే ఇంటి కట్టుబాట్ల నుంచే వస్తుంది.

క్రైస్తవంలో కూడా శాఖని బట్టి తేడా. కాథలిక్ సంఘం 1992లో ప్రకటించిన ధర్మోపదేశ గ్రంథంలో 2350వ పేరా నిశ్చితార్థమైన జంటల గురించే: దాంపత్య ప్రేమకు చెందిన వ్యక్తీకరణల్ని పెళ్ళి కోసం దాచుకోవాలంటుంది. పెళ్ళయ్యాక సంభోగానికి దారి తీసే ఒరిపిడికి అభ్యంతరం లేదు, కానీ సంభోగాన్ని కావాలని పక్కనపెట్టి స్కలనం కోసమే చేస్తే ఒప్పుకోదు. ప్రొటెస్టెంట్ బోధకుల్లో ఎక్కువమంది పెళ్ళికి ముందు వద్దంటారు, పెళ్ళయ్యాక అది దంపతుల మనస్సాక్షికి వదిలేస్తారు. అమెరికాలో పుట్టిన మోర్మన్ సంఘం 2011లో యువత కోసం తెచ్చిన చిన్న పుస్తకమైతే ఒకరి మీద ఒకరు పడుకోవద్దని, మర్మస్థానాల్ని బట్టలున్నా లేకపోయినా తాకొద్దని విడమర్చి చెప్పింది. 2022లో ఆ జాబితాలు తీసేసి సూత్రాలు మాత్రమే ఉంచింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయాన్ని "భార్య శరీరం భర్తది" అని వాడుకునేవాళ్ళు ఎక్కువ. ఆ వాక్యం అక్కడితో ఆగదు. భర్త శరీరం మీద కూడా అధికారం భార్యదే అంటుంది, దూరంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితోనే ఉండమంటుంది.

బౌద్ధ భిక్షువుల నియమాల్లో తూకం చాలా స్పష్టంగా ఉంటుంది. నువ్వుగింజంత అంగప్రవేశం జరిగినా ఆ మనిషి ఇక భిక్షువు కాడు. కామంతో స్త్రీ ఒంటిని తాకితే, కావాలని వీర్యం స్ఖలింపజేస్తే సంఘం ముందు ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి రావచ్చు. గృహస్థులకి ఇలాంటి కొలతలు లేవు, లైంగిక దుష్ప్రవర్తన వద్దన్న శీలం (నియమం) ఒక్కటే ఉంది.

దీన్ని పెళ్ళికి ముందే అనుమతించి, కట్టుబాట్లు పెట్టిన సమాజాలూ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని జులూ తెగలో పెళ్ళి కాని జంటలు తొడల మధ్య ఒరిపిడితో ఆగేవారు. అమ్మాయికి గర్భం వస్తే కుర్రాడి ఇంటివాళ్ళు పశువుల్ని జరిమానాగా ఇవ్వాలి. కెన్యాలోని కికుయూ తెగ ఆచారాన్ని జోమో కెన్యాట్టా 1938లో వర్ణించాడు, తర్వాత కెన్యా మొదటి అధ్యక్షుడైనది ఆయనే. అమ్మాయి తన తోలు వస్త్రాన్ని కాళ్ళ మధ్య నుంచి తీసి గట్టిగా ముడి వేసుకునేది. ఆ ముడి విప్పబోయిన కుర్రాణ్ణి తోటివాళ్ళే దూరం పెట్టేవారు. ముడి ఆమెది, దాన్ని కాపాడే బాధ్యత అందరిదీ. మిషనరీలు వచ్చాక ఈ ఆచారాన్ని పాపమని ఆపించారు.

ఇన్ని చెప్పింది ఎందుకంటే, మీ మతం దీన్ని పాపమనొచ్చు, చిన్న పాపమనొచ్చు, పెళ్ళయ్యాక హక్కు అనొచ్చు. ఆ మాట మీరు నమ్మితే దాని ప్రకారం నడుచుకోండి, నేను అడ్డు చెప్పను. కానీ ఆ రోజు మీరు ఆపమన్నాక జరిగినదానికి మీరు ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సిన పని లేదు. మీ ఇష్టం లేకుండా జరిగినదాన్ని మీ ఖాతాలో రాయడం పైన చెప్పిన ఏ మతంలోనూ ధర్మం కాదు. మీ గురువుతోనో, ఫాదర్‌తోనో మాట్లాడాలనుకుంటే ఈ రెండింటినీ విడదీసి చెప్పండి: ఇష్టపడి చేసినది ఒకటి, ఆపమన్నా ఆగనిది ఇంకొకటి. కలిపి చెబితే రెండూ మీ తప్పుగానే వినిపిస్తాయి.

ఆయనతో మాట్లాడేటప్పుడు ఏకాంతంలో, పడక మీద వద్దు. పగటిపూట, ఎదురెదురుగా కూర్చుని చెప్పండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "ఆ రోజు నేను చెయ్యి పెట్టినప్పుడు నువ్వు ఆగలేదు. నాకు భయం వేసింది. ఇకమీదట నా చెయ్యి పడితే అదే ఆగమన్నట్టు. అది నీకు కష్టమైతే పెళ్ళయ్యేదాకా ఇది కూడా వద్దు." ఈ నాలుగు ముక్కలు చాలు. ఆయన సిగ్గుపడొచ్చు, తనను తాను సమర్థించుకోవచ్చు, ఏడవొచ్చు కూడా. మీరు చూడాల్సింది ఆ మొదటి పది నిమిషాల్ని కాదు. క్షమాపణలో "కానీ" ఉందో లేదో చూడండి. తర్వాత కలిసినప్పుడు మీరు అడగకుండానే "ఓకేనా?" అని ఆయన అడిగారో లేదో చూడండి. మీరు ఆపితే ఆగి, మొహం మాడ్చుకోకుండా మామూలుగా మాట్లాడగలిగారో లేదో చూడండి. ఇవి కనిపిస్తే మీరిద్దరూ కలిసి ఒక కౌన్సెలర్‌ని కలవండి, పెళ్ళికి ముందు ఆ ఒక్క సిట్టింగ్ చాలా పనికొస్తుంది. మళ్ళీ "ఇంకొక్క నిమిషం" అనే మాటే వినిపిస్తే మాత్రం పెళ్ళి తేదీని వాయిదా వేయండి, కారణం ఏమిటో మీ ఇంట్లో మీరు నమ్మే ఒక్కరికైనా చెప్పండి.